జయకర్ మాస్టారి స్టెమ్ కాండ

సైకిల్ సీట్లు అమ్మే కొట్లో మనిషి కూర్చోవడానికి ఒక్క కుర్చీ కూడా లేకుండా ఏళ్ళ తరబడి వ్యాపారం చేసిన తెలివైనవాణ్ణి నేను. అప్పటి నా లెక్క ఇది: కుర్చీ వేస్తే కూర్చుంటారు, కూర్చుంటే కబుర్లాడతారు, కబుర్లాడినవాళ్ళు ఆ పూటకి కొనరు. పైగా బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కొట్టు అద్దె అడుగుల లెక్కన కడతాం. ఆ అడుగుల్లో సైకిలు నిలబడాలా, మనిషి కూర్చోవాలా అని ఆలోచిస్తే సైకిలే గెలిచింది. వచ్చిన ప్రతివాళ్ళనీ నిలబెట్టే అమ్మాను. దాని ఫలితంగా రెండేళ్ళ కిందట ఒక పెద్దమనిషి చేతివేళ్ళు మొద్దుబారాయి. నా బుర్ర అంతకు ముందే మొద్దుబారి ఉందని కూడా అప్పుడే తేలింది.

కొట్టు పెట్టక ముందు నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసేవాణ్ణి. ఇతరులు చేసినదాంట్లో తప్పులు పట్టడం ఉద్యోగం. పట్టీ పట్టీ విసుగొచ్చి, ఇక నా తప్పులు నేనే చేసుకుందామని సైకిళ్ళ వ్యాపారంలోకి దిగాను. తోడు మెకానిక్ నాగరాజు. వాళ్ళది తాతల కాలం నుంచీ బెంగళూరే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, నా మీద కోపమొస్తే రెండూ.

ఆగస్టులో ఒక వాన సాయంత్రం జయకర్ మాస్టారు గొడుగు ముడుచుకుంటూ వచ్చారు. ఊరు ఒంగోలు దగ్గర. ఇక్కడ సర్జాపుర రోడ్డులో ఒక స్కూల్లో ఇంగ్లీషు చెబుతారు, ఆదివారాలు తెలుగు చర్చిలో కీబోర్డు వాయిస్తారు. మనిషి ఆరడుగులకి ఒక్క అంగుళం తక్కువ.

"ఏవండీ, రోజూ స్కూలుకి సైకిల్ మీద వెళ్దామనుకుంటున్నానండీ. కార్లో బయల్దేరితే ప్రేయర్ అయిపోయాక చేరుతున్నా. పిల్లల్ని లేటుగా వచ్చారని నిలబెట్టాల్సినవాణ్ణి, వాళ్ళ పక్కన నేనే నిలబడాల్సొస్తోంది."

సైకిలుకి ఎముకల గూడు లాంటిది ఫ్రేమ్. చొక్కాల్లాగే ఫ్రేముల్లోనూ స్మాల్, మీడియం, లార్జ్ ఉంటాయి. మా గోడ మీద ఒక చార్టు వేలాడుతూ ఉంటుంది. ఎడమ వైపు మనిషి ఎత్తు, కుడి వైపు ఫ్రేమ్ సైజు. మాస్టారి ఎత్తుకి ఎదురుగా లార్జ్ అని ఉంది. చార్టు మీద నమ్మకం చాలక పాత పరీక్ష కూడా పెట్టాం. సైకిలుకి అటూ ఇటూ కాళ్ళు వేసి నిలబడితే పైగొట్టానికీ మనిషికీ మధ్య కాస్త సందు మిగలాలి. నాగరాజు వంగి చూసి, "సరిగ్గా ఉండాది న్నా" అన్నాడు. నేనూ వంగి చూశాను. ఉండాది.

"మా నాన్న కూడా ఇంతే పొడుగండీ," అన్నారు మాస్టారు మురిసిపోతూ. "మా ఇంట్లో గుమ్మాలన్నిటికీ మా నుదుళ్ళు గుర్తే."

సంతోషంగా కొన్నారు. సంతోషంగా అమ్మాను. ఆ సంతోషం నెలరోజులు కూడా నిలవలేదు.

సెప్టెంబరులో ఒక శనివారం మళ్ళీ వచ్చారు. కుడిచేతి చివరి రెండు వేళ్ళూ పట్టుకుని చూపించారు. "చిటికెనవేలు, ఉంగరంవేలు తిమ్మిరెక్కుతున్నాయండీ. దిగాక కూడా చాలాసేపు నావి కావన్నట్టే ఉంటున్నాయి."

ఎక్కి తొక్కి చూపించమన్నాను. హ్యాండిల్ ఆయనకి దూరమైంది. మోచేతులు కర్రల్లా బిగుసుకుపోయి, ఒంటి బరువంతా అరచేతుల అంచు మీద పడుతోంది. ఆ రెండు వేళ్ళకి వెళ్ళే నరం సరిగ్గా ఆ అంచులోంచే పోతుంది. నరాన్ని రోజూ నొక్కితే వేళ్ళు నిద్రపోక ఏం చేస్తాయి?

దూరం తగ్గించాలంటే మా వృత్తిలో అందరి చెయ్యీ ముందుగా వెళ్ళేది స్టెమ్ మీదకి. హ్యాండిల్‌ని ఫ్రేముకి కలిపే జానెడులోపు గొట్టం అది, సైకిలుకి మెడ లాంటిది. కొన్నాక ఫ్రేమ్‌ని కత్తిరించలేం, కానీ స్టెమ్ మార్చెయ్యొచ్చు. మాస్టారి సైకిలుకి కంపెనీ వేసింది నూటపది మిల్లీమీటర్లది. నేను తొంభైది వేశాను. స్టెమ్ అంటే తెలుగులో కాండం అని ఆరో తరగతి సైన్సు పుస్తకం చెబుతుంది. ఆ లెక్కన మా బాలకాండ అలా ముగిసింది.

తర్వాతది అరణ్యకాండ. ఎందుకంటే మాస్టారు తమ అపార్ట్‌మెంట్ సైక్లిస్టుల వాట్సాప్ గ్రూపులోకి అడుగుపెట్టారు, ఇక దారి తెలియలేదు. ఆ గ్రూపులో అందరూ డాక్టర్లే, ఒక్క డాక్టర్లు తప్ప. ప్రతి శనివారం ఒక కొత్త మందుతో వచ్చేవారు. జెల్ గ్లౌజులు వేసుకోమన్నారటండీ. హ్యాండిల్‌కి మందపాటి టేపు చుట్టమన్నారటండీ. స్టెమ్ తిరగేస్తే హ్యాండిల్ పైకి లేస్తుందటండీ. అన్నీ చేశాను. అన్నిటికీ ఒక వారం బాగుందనేవారు, మరుసటి వారం వేళ్ళు పట్టుకుని వచ్చేవారు. తలుపు దగ్గర ఆ పొడుగాటి నీడ పడగానే నాగరాజు పానా కింద పెట్టేవాడు.

"న్నా, ఆయప్ప వచ్చినాడు. ఈ దినం ఏమి కోయమంటాడో కనుక్కో."

"సార్, తొంభై కూడా ఎక్కువేనంటున్నారు గ్రూపులో," అనేవారు మాస్టారు.

డెబ్బై మిల్లీమీటర్లది వేశాం. స్టెమ్ మరీ పొట్టిదైతే హ్యాండిల్ కుదురుగా ఆగదు, తుమ్మితే తిరుగుతుంది. కొద్దిపాటి కదలికకే ముందు చక్రం పక్కకి లాగుతుంది. వారం తిరగకుండా వచ్చి అదీ చెప్పారు. "ఏవండీ, పక్కన బోర్డు చదివితే బోర్డులోకే పోతోందండీ. యాభైది ఉందా?"

"మాస్టారూ, ఇంకాస్త కోస్తే హ్యాండిల్ మీ ఒళ్ళోకొస్తుంది."

"రానివ్వండి. అక్కడైనా అందుతుంది."

నాకు విసుగొచ్చింది. ఆయన మీద కాస్త, గ్రూపు మీద చాలా, నా మీద మాత్రం అస్సలు కాదు. నా చార్టు నిజం, నాగరాజు చూసిన సందు నిజం; కాబట్టి తప్పు మనిషిదే అయ్యుండాలి అని గట్టిగా నమ్మాను. టెస్టింగ్‌లో ఉన్నప్పుడు ప్రోగ్రాం రాసినవాళ్ళు నాతో సరిగ్గా ఇలాగే అనేవారు, "మాది సరిగ్గానే ఉంది, వాడేవాళ్ళకే వాడటం రాదు" అని. అప్పట్లో వాళ్ళని చూసి నవ్వేవాణ్ణి.

నవంబరు మొదట్లో వచ్చినప్పుడు మాస్టారు స్టెమ్ మాట ఎత్తలేదు. గ్లౌజులు తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డారు.

"మొన్న ఆదివారం పాట మధ్యలో ఉంగరంవేలు పక్క మెట్టు మీద పడిందండీ. పడిందని నా చేతికి తెలియలేదు, చెవికి తెలిసింది. నాకే కాదు, అందరి చెవులకీ."

నేను చేతిలో ఉన్న స్టెమ్ కింద పెట్టాను.

"పెద్దలు మర్యాదగానే చెప్పారు లెండి. 'క్రిస్మస్‌కి మీరు విశ్రాంతి తీసుకోండి మాస్టారూ, మ్యూజిక్ ట్రాకు పెట్టి పాడేసుకుంటాం' అన్నారు. పెళ్ళికాక ముందునుంచీ వాయిస్తున్నానండీ అక్కడ. నా చోట్లో పెన్‌డ్రైవ్‌ని కూర్చోబెడతారట."

ముందు సైకిలు ఆపమన్నాను. ఆపితే స్కూలుకి ఎలా అన్నారు. చేతుల డాక్టరుకి చూపించమన్నాను. వాళ్ళావిడ నర్సు, ఆవిడా అదే మాట అంటోందట. "సైకిల్ సరిచేస్తే చేతులు అవే సర్దుకుంటాయి కదండీ?" అన్నారు. పట్టుకుంటే హ్యాండిల్ దక్కడం లేదు గానీ ఆయన పట్టు మాత్రం ఉక్కు.

సరే, ఆయన భాషలోనే చెబుదామని నేనొక ఉపమానం ఎత్తుకున్నాను. నా జీవితంలో ఎత్తుకున్న బరువుల్లో అదే అన్నిటికన్నా చెడ్డది. "మాస్టారూ, కీబోర్డు దూరంగా ఉంటే మీరేం చేస్తారు?" అన్నాను. కీబోర్డుని కోస్తూ కూర్చోం కదా, అలాగే స్టెమ్‌ని కోస్తూ పోకూడదు అని ముగించాలని నా ఉద్దేశం.

"స్టూలు ముందుకి లాక్కుంటా," అన్నారు.

అంతే, ఆయన ముఖం వెలిగిపోయింది. "అబ్బ! ఎంత తేలికండీ! ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అంటూ నా మిగతా ఉపమానం నా నోట్లోనే వదిలేసి వెళ్ళిపోయారు. ఇంటికెళ్ళి సీటు మరలు వదులు చేసి, దాని కింది పట్టాల మీద ఎంత దూరం జరుగుతుందో అంత దూరమూ ముందుకి తోశారు.

సైకిలు సీటు స్టూలు కాదు. దాని కాపురం పెడళ్ళతో, హ్యాండిల్‌తో కాదు. మోకాలు పెడలుకి ఎంత వెనకుండాలో చూసి సీటు పెడతాం, ఆ తర్వాతే చేతుల సంగతి. చేతుల కోసం సీటు జరిపితే కాళ్ళు దావా వేస్తాయి. మాస్టారి మోకాళ్ళు వారంలోపే వేశాయి.

ఈసారి ఆయన ఒక్కరే రాలేదు. కుంటుతూ వస్తున్న మాస్టారి ముందు వాళ్ళావిడ సునీతగారు నడిచొచ్చారు. ఆవిడ ఆస్పత్రిలోనూ సిస్టరే, చర్చిలోనూ సిస్టరే. కాబట్టి నేను చెప్పకుండానే బ్రదర్‌నయ్యాను. ఆ పిలుపులో ఆప్యాయత ఏమీ లేదు.

"బ్రదర్, మా ఆయన మీ దగ్గరికి పది వేళ్ళతో, రెండు మోకాళ్ళతో వచ్చారు. ఇప్పుడు మీరే లెక్కెట్టుకోండి."

"అమ్మా, సీటు నేను జరపమనలేదు..."

"స్టూలు లాక్కోమన్నారంటగా?"

"అది ఉపమానం అమ్మా."

"ఉపమానాలు చెప్పడానికి మాకు పాస్టర్‌గారు ఉన్నారు. మీరు సైకిలు సంగతి చూడండి. ముందు కుర్చీ ఏదీ? నైట్ డ్యూటీ నుంచి ఇటే వస్తున్నా."

కుర్చీ లేదు. ఆ మాట పైకి చెప్పాల్సొచ్చినప్పుడు, ఆవిడ కళ్ళలో నాకు మిగిలిన కాస్త గౌరవమూ కరిగిపోవడం చూశాను. నాగరాజు నా చెవిలో "సుమ్మనే ఉండన్నా, ఏమీ మాట్లాడొద్దు" అని, రెండు గట్టి పెట్టెల మీద ఒక చెక్కపలక అడ్డంగా వేశాడు. సునీతగారు కూర్చున్నారు. మోకాలు నొప్పితో మాస్టారూ పక్కనే చతికిలబడ్డారు.

అప్పుడు చూశాను.

నిలబడితే ఆవిడ మాస్టారి గడ్డం దాకా వస్తారు. కూర్చుంటే ఇద్దరి తలలూ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి. మాస్టారి మోకాళ్ళు మాత్రం మిడత కాళ్ళలా పైకి లేచి ఉన్నాయి.

"మీరిద్దరూ ఎప్పుడూ ఇంతేనా?" అన్నాను వెర్రివాడిలా.

"ఎంత?"

"కూర్చుంటే... ఒకే ఎత్తా?"

"చర్చిలో ప్రసంగం టైములో పక్కపక్కనే కూర్చుంటాంగా, వెనకవాళ్ళకి ఇద్దరం ఒకటే," అన్నారు సునీతగారు. "పాటకి లేస్తేనే ఈయన పొడుగు. ఆ పొడుగంతా కాళ్ళలోనే ఉంది. ప్యాంట్లు కుట్టే టైలరుకి తెలుసు. మీకు తెలీదా?"

పొడుగు అన్నది మన భాషలో ఒకటే మాట. మనిషి ఎక్కడ పొడుగో అది అడగదు. మా చార్టు కూడా అడగలేదు. కాళ్ళు పొడుగైనవాడికి నిలబడ్డప్పుడు సందు సరిపోతుంది, ఏ ఫ్రేమైనా తనదే అనిపిస్తుంది. కానీ సైకిలు మీద మనిషి నిలబడడు, కూర్చుని ముందుకు వంగుతాడు. అక్కడ కావలసింది నడుము నుంచి మెడదాకా ఉన్న పొడుగూ, చేతుల పొడుగూ. అందుకే ఫ్రేముకి రీచ్ అని ఇంకో కొలత ఉంటుంది: పెడళ్ళ ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం పైకొన దాకా ముందుకు ఎంత దూరం అన్నది. లార్జ్ ఫ్రేములో అది ఎక్కువ. ఆ ఎక్కువని స్టెమ్ కోసి తీర్చబోతే తిరుగుడు చెడింది, సీటు జరిపి తీర్చబోతే మోకాలు చెడింది. తప్పు మెడలో లేదు, మొండెంలో ఉంది. నేను మాస్టారిని నిలువునా కొలిచి, నిలువునా మోసపోయాను.

పలక మీదే కూర్చోబెట్టి మొండెమూ చేతులూ టేపుతో కొలిచాను. లోపల్నుంచి ట్రయల్ ఇచ్చే మీడియం సైకిలు తెప్పించి, కాళ్ళకి తగ్గట్టు సీటు గొట్టం బాగా పైకి లేపి, తొంభై స్టెమ్‌తో ఎక్కించాను. ఆయన మోచేతులు వాటంతటవే మడతపడ్డాయి. హ్యాండిల్ మీద వేళ్ళు తేలిగ్గా ఆడించి చూసుకున్నారు.

"చేతుల మీద బరువే లేదండీ," అన్నారు ఆశ్చర్యంగా. తర్వాత వంగి ఫ్రేము మీది అక్షరం చూశారు. ముఖం మాడిపోయింది. "ఎమ్మా? మీడియమా?"

"మీడియమే, మాస్టారూ."

"ఏవండీ, తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషు మీడియంలో చెప్పి, చివరికి సైకిలు కూడా మీడియమేనా? మా స్టాఫ్‌లో పొట్టి పీఈటీ సారుది కూడా మీడియమేనండీ. అదీకాక ఈ సీటు చూడండి, కొంగలా ఎలా పైకి లేచిందో. పిల్లల సైకిలెక్కినట్టు లేదూ?"

"కొంగ కాళ్ళకి కొంగ సీటే," అన్నారు సునీతగారు. "మీకు చిటికెనవేలు కావాలా, ఆ ఎల్ అక్షరం కావాలా? తేల్చుకోండి. నాకు నిద్రొస్తోంది."

నా తప్పు కాబట్టి లార్జ్ ఫ్రేమ్ వెనక్కి తీసుకుని మీడియం ఇచ్చాను. కానీ డాక్టరు ఒప్పుకునేదాకా ఇవ్వనని సైకిల్‌ని కొట్లోనే ఉంచేశాను. ఆవిడ ఆస్పత్రి డాక్టరే చూశారు. నరం నలిగింది, తెగలేదు, చేతులకి విశ్రాంతి ఇస్తే తేరుకుంటుంది అన్నారు. అన్నిరోజులూ మాస్టారు కార్లో వెళ్ళి, ప్రేయర్‌కి లేటై, పిల్లల పక్కన నిలబడ్డారు. వేళ్ళలో ముందు చీమలు పాకాయట. తర్వాత వేడీ చల్లనా తెలిశాయట. డిసెంబరు రెండో వారంలో ఒకరోజు ఫోను చేసి, ఏమీ మాట్లాడకుండా కీబోర్డు మీద ఒక పాట మొత్తం వాయించారు. నాగరాజు కూడా చెయ్యాపి విన్నాడు. పెన్‌డ్రైవ్ ఇంటికెళ్ళిపోయింది.

ఇప్పుడు మా కొట్లో బెంచీ ఉంది. వచ్చినవాళ్ళని ముందు కూర్చోమంటాను. మర్యాద అనుకుంటారు, అది కొలత. మనిషి ఎత్తు అడిగితే అతను నిలబడ్డప్పటి సంగతే చెబుతాడు, ఎందుకంటే అందరూ గర్వంగా చెప్పుకునేది అదే. వాహనం ఎక్కేది కూర్చున్న మనిషి. ఆ మనిషి గురించి అతనికే తెలియకపోవచ్చు, పక్కన కూర్చునేవాళ్ళకి తెలుసు. అందుకే భార్యలనో భర్తలనో వెంట తీసుకురమ్మంటున్నాను. వ్యాపారం కాస్త తగ్గింది, కొలతలు మాత్రం కుదురుతున్నాయి.

ఇక్కడితో ఆపితే పెద్దమనిషి తరహాగా ఉండేది. కానీ మాస్టారు తన గ్రూపులో పొడుగాటి వ్యాసం పెట్టారు. లోతుగా పరిశోధించి మొండెం రహస్యాన్ని తానే కనిపెట్టానని, షాపులవాళ్ళ చార్టులు నమ్మవద్దని. ఆ శనివారం నుంచి గ్రూపువాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, నా బెంచీ మీదే కూర్చుని, "మీరు మొండెం కొలవరాండీ? నేర్చుకోవాలండీ" అని నాకే పాఠం చెప్పడం మొదలుపెట్టారు. నాగరాజు నవ్వాపుకోలేక వెనక గదిలోకి పోయేవాడు. నేను ఓపికపట్టాను. మాస్టారు క్రిస్మస్ పాటల సాయంత్రానికి ప్రేమగా పిలిస్తే వెళ్ళాను కూడా.

చాలా బాగా వాయించారు. ఒక్క వేలూ తప్పలేదు. అయ్యాక చర్చి మెట్ల దగ్గర కేకు పంచుతుంటే, నా భుజం మీద చెయ్యి వేసి పాస్టర్‌గారి ముందుకి తీసుకెళ్ళారు. చుట్టూ సంఘం పెద్దలున్నారు.

"అయ్యగారూ, ఈయనేనండీ నాకు తప్పు సైజు అంటగట్టినాయన!" అన్నారు నవ్వుతూ, అందరికీ వినపడేలా.

నేను చేతులు జోడించాను. "తప్పు నాదేనండీ అయ్యగారూ. నేనే ఇచ్చాను. కానీ మాస్టారిని మెచ్చుకోవాలి. మీ అందరికీ చెప్పుకున్నారో లేదో గానీ, మొన్న నవంబరు దాకా ఆయనకి రోజూ లార్జ్ ఉండాల్సిందే. ప్రొద్దున స్కూలుకి ముందొకటి, సాయంత్రం స్కూలయ్యాక ఒకటి. వేళ్ళు మొద్దుబారి పాట తప్పింది అందువల్లే. ఇప్పుడు లార్జ్ పూర్తిగా వదిలేశారు. మీడియంతో సరిపెట్టుకుంటున్నారు."

పాస్టర్‌గారి చేతిలో కేకు సగం దారిలో ఆగిపోయింది. గ్లాసులో పోసే లార్జ్ సంగతి పెద్దలకీ తెలుసు కాబోలు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తప్పిపోయిన ఆ స్వరం వాళ్ళందరికీ ఒక్కసారే గుర్తొచ్చినట్టుంది.

"అయ్యో, అయ్యగారూ, అది సైకి..." అంటూ మాస్టారు గొంతు సవరించుకునేలోపు, కేకు పళ్ళెంతో సునీతగారు వచ్చి ఆయన పక్కన నిలబడ్డారు. నావైపు ఒక్కసారి చూశారు. ముఖంలో ఎక్కడా నవ్వు లేదు.

"ఔనండీ అయ్యగారూ," అన్నారు. "ఎంత చెప్పినా వినలేదు. చివరికి నేనే కొట్టుకెళ్ళి, దగ్గరుండి మాన్పించాను."